ఇంట్లో నీటి పరీక్ష – అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?



మన అమ్మమ్మల కాలంలో నీళ్లు మంచివో కావో తేల్చుకోవడానికి వంటింట్లోనే మూడు పరీక్షలుండేవి. కందిపప్పు ఉడికిందా లేదా, సబ్బు నురగ వచ్చిందా లేదా, గుక్కెడు తాగితే నోటికి ఉప్పగా తగిలిందా లేదా. వాటిని తేలిగ్గా తీసిపారేయకండి. నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉంటే పప్పు ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది, సబ్బు నురగ కట్టకుండా తెట్టె కడుతుంది. చదువుకోకపోయినా వాళ్లకు సంగతి తెలిసిపోయేది.

ఇప్పుడు ఆ స్థానంలోకి కలమంత పొడుగున్న మీటరు వచ్చింది. టీ.డీ.ఎస్. మీటరంటారు. నీళ్లలో ముంచగానే అంకె కనపడుతుంది. లిఫ్టులో కలిసినా, పేరంటంలో కలిసినా "మీ నీళ్లెంతండీ?" అన్న ప్రశ్నే. "మాది నూట ఇరవై", "అయ్యో, మాది ఎనిమిది వందలు!" పిల్లల మార్కులు చెప్పుకున్నట్టే చెప్పుకుంటున్నాం. పప్పు ఉడకకపోతే అది నీళ్ల తప్పో పప్పు తప్పో కాసేపు వాదించుకుంటాం గాని, అంకె కనపడ్డాక ఎవరమూ వాదించం. ఆ అంకె ఎలా వస్తుంది, దాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్నదే ఇవాళ మనం మాట్లాడుకునే సంగతి.

ముందుగా ఒక్క మాట. ఆ మీటరు నీళ్లలోని లవణాలను తూచడం లేదు. దాని కొసన రెండు చిన్న లోహపు ముక్కలుంటాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి ఈ నీళ్లు ఎంత కరెంటును పోనిస్తున్నాయో చూస్తుంది, అంతే. లవణాలు ఎక్కువైతే కరెంటు ఎక్కువ పోతుంది. వచ్చిన లెక్కను లోపల ఒక సంఖ్యతో గుణించి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చూపిస్తుంది. తిరకాసంతా ఆ గుణించే సంఖ్యలో ఉంది. మనం తినే ఉప్పును దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన మీటరు సుమారు 0.5తో గుణిస్తుంది. బావినీళ్లలో, ఏటినీళ్లలో ఉండే రకరకాల లవణాల కలగలుపును దృష్టిలో పెట్టుకున్న మీటరు 0.7తో గుణిస్తుంది. రెండూ బజారులో దొరుకుతాయి. డబ్బా పైన పెద్ద అక్షరాలతో ఈ సంగతి ఎవరూ వేయరు.

దీనివల్ల ఏం జరుగుతుందో మా అపార్ట్‌మెంటులోనే చూశాం. బోరు ఎండిపోయి టాంకరు నీళ్లు కొనుక్కుంటున్న రోజులు. రెండో అంతస్తు ఆవిడ మీటరులో 420 వచ్చింది. నాలుగో అంతస్తు వారి మీటరులో, అవే నీళ్లకు, 588 వచ్చింది. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఈ అంకె 500 దాకా ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సర్దుకోవచ్చునన్నారు. అంటే ఒక మీటరు ప్రకారం నీళ్లు భేషుగ్గా ఉన్నాయి, ఇంకో మీటరు ప్రకారం గీత దాటాయి. ఇంకేముంది, సంఘంలో రెండు వర్గాలు. టాంకరు అతను మోసం చేస్తున్నాడని ఒకరు, మీ మీటరే డొక్కుదని ఒకరు. మెట్ల మీద ఎదురుపడితే పలకరింపులు కూడా తగ్గాయి. చివరికి నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం ఒకటి పెద్దది కొందామని, ఇంటికింత అని చందా కూడా వేసేశారు.

రెండు మీటర్లతో వచ్చిన కాగితాలు తెప్పించి చూస్తే ఒకదాని మీద 0.5 అనీ, రెండోదాని మీద 0.7 అనీ సన్నటి అక్షరాల్లో ఉంది. 420ని 0.5తో భాగించండి, 588ని 0.7తో భాగించండి. రెండింటికీ 840 వస్తుంది. నీళ్లు ఒకటే, మీటర్లు రెండూ సరైనవే, దెబ్బలాటే దండగ!

కథ అక్కడితో అయిపోలేదు. ఇంత గొడవ పడ్డాం గనక నీళ్లను ప్రయోగశాలకు పంపిద్దామన్నారు. అక్కడ కరెంటుతో కాదు, నీళ్లను ఆవిరి చేసి, అడుగున మిగిలినదాన్ని ఆరబెట్టి తూస్తారు. ఆ తూకం అటూ ఇటూ కాకుండా మధ్యలో వచ్చింది. కాని అదే కాగితంలో, మేమెవరమూ అడగని వరసలో, నైట్రేటు 62 అని ఉంది. ఉండవలసింది 45కి మించకూడదు. మురుగు ఇంకిన భూముల్లో, ఎరువులు వేసిన భూముల్లో తవ్విన బోర్లలో ఇది ఎక్కువగా కనపడుతుంది. పెద్దవాళ్ల మాట ఎలా ఉన్నా, ఆరు నెలల లోపు పసిబిడ్డలకు మాత్రం ఇది ప్రమాదం. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. మొదటి అంతస్తులో రెండు నెలల బిడ్డకు ఆ నీళ్లు కాచి, డబ్బాపాలు కలిపి పడుతున్నారు. కాస్తే నైట్రేటు పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ రోజు నుంచి బిడ్డకు వేరే నీళ్లు తెప్పించారు. చందాలు వేసుకుని కొనబోయిన యంత్రమో? ఆ సాఫ్ట్‌నర్ సున్నపు లవణాలను తీసేసి వాటి బదులు సోడియం పెడుతుంది. పప్పు ఉడుకుతుంది, గీజరు పాడవదు, నిజమే. కాని నైట్రేటు తగ్గదు, మీటరులో అంకె కూడా ఏమంత తగ్గదు. మీటరు చూపిన అంకె కోసం, ఆ అంకెను తగ్గించని యంత్రాన్ని కొనబోయామన్నమాట.

ఇదంతా విని మీటరు పారేయమని చెబుతున్నాననుకోకండి. దాని పని దానికి ఉంది. వెనకటి కిరాణా కొట్టు తక్కెడ గుర్తుందా? ఒక పక్కకు మొగ్గితే పాసంగం కట్టి సరిచేసేవారు. సరిచేయకపోయినా, ఎప్పుడూ అదే తక్కెడలో తూస్తే నిన్నటికీ ఇవాళటికీ తేడా తెలిసిపోతుంది. మీటరూ అంతే. మా మీటరుకూ మీ మీటరుకూ పోలిక కుదరదు. మీ మీటరు పోయిన నెల చూపిన అంకెతో ఈ నెల చూపిన అంకెను పోల్చుకోండి, అప్పుడు అది నిజం చెబుతుంది.

దీనికి అన్నిటికన్నా పనికొచ్చే చోటు మన ఆర్.ఓ. ఫిల్టరు. లోపలికి వెళ్లే నీళ్లనూ బయటికి వచ్చే నీళ్లనూ ఒకే పూట, ఒకే మీటరుతో చూడండి. లోపలికి 800, బయటికి 80 అనుకోండి. పదో వంతు. ఇంకో మీటరైతే 1120, 112 అని చూపించవచ్చు, అయినా పదో వంతే. మీటరు తప్పు రెండు వైపులా ఒకేలా ఉంటుంది గనక కొట్టుకుపోతుంది. అది క్రమంగా ఐదో వంతుకు వచ్చిందంటే లోపలి పొర బలహీనపడిందన్నమాట. మనిషి వచ్చి "మార్చాలమ్మా" అంటే మార్చడం, అనకపోతే మానడం కాదు, మన చేతిలోనే లెక్క ఉంటుంది. ఒక్క జాగ్రత్త. రాత్రంతా ఆగి ఉన్న ఫిల్టరు నుంచి పొద్దున్నే వచ్చే మొదటి గ్లాసులో అంకె ఎక్కువగా ఉంటుంది. ఒకటి రెండు గ్లాసులు పట్టి మొక్కలకు పోసేసి, ఆ తరవాత పరీక్ష చేయాలి. ఒక నెల మొదటి గ్లాసూ, ఇంకో నెల మూడో గ్లాసూ చూసి ఫిల్టరు పాడైందనో బాగైందనో అనుకుంటే ఏం లాభం?

నీళ్ల వేడి కూడా చూసుకోవాలి. డిగ్రీకి సుమారు రెండు శాతం చొప్పున వేడినీళ్లు కరెంటును ఎక్కువగా పోనిస్తాయి. మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నుంచి వచ్చే నలభై డిగ్రీల నీళ్లు, అవే నీళ్లు ఇరవై ఐదు డిగ్రీలప్పుడు చూపేదానికన్నా ముప్ఫై శాతం ఎక్కువ చూపిస్తాయి. మంచి మీటర్లు దీన్ని తామే సవరించుకుంటాయి గాని, అందుకు కొంత వ్యవధి పడుతుంది. గ్లాసులో పట్టి, గది వేడికి వచ్చేదాకా ఉంచి, మీటరు ముంచి ఒకసారి కలియతిప్పి, అంకె నిలకడపడ్డాక చూడండి.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఇంట్లో గాజు తొట్టిలో సముద్రపు నీళ్లు పోసి పగడాలను పెంచుతున్నాడు. పిచ్చి సరదా అనుకునేదాన్ని. వాడు ఆ నీళ్లను పరీక్షించే పద్ధతి చూశాక ముచ్చటేసింది. రోజూ ఒకే వేళకు, ఒకే కంపెనీ మందు చుక్కలతో, ఒకే దీపం కింద. ఎందుకురా ఇంత పట్టుదల అంటే, "పెద్దమ్మా, అంకె ఒకటి అటూ ఒకటి ఇటూ ఉన్నా పగడం సర్దుకుంటుంది, ఉన్నట్టుండి మారితేనే చచ్చిపోతుంది. పరీక్షే రోజుకో రకంగా చేస్తే మారింది నీళ్లో నా చెయ్యో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. మన దేశంలో రాతి పగడాలను అడవి జంతువుల చట్టం కింద 2001 నుంచి రక్షిస్తున్నారు, కనక ఆ సరదా ఇక్కడ పెట్టుకోకండి. పద్ధతి మాత్రం తెచ్చుకోవచ్చు. పాల లెక్క రాసే కాలెండరు మీదే నెలకోసారి నీళ్ల అంకె కూడా రాసుకోండి. బోరు నీళ్లకు వానలకు ముందొకటి, వానలు పడ్డాక ఒకటి తప్పకుండా ఉండాలి.

మీటరు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. బ్యాటరీలలో పోసే డిస్టిల్డు వాటరు కొనండి. శుభ్రమైన గ్లాసులో పోసి ముంచితే సున్నా గాని, ఐదు లోపు గాని చూపాలి. తరవాత వంటింటి త్రాసులో పది గ్రాముల ఉప్పు తూచి లీటరు డిస్టిల్డు వాటరులో కరిగించండి. అందులో నుంచి వంద మిల్లీలీటర్లు తీసి, ఇంకో తొమ్మిది వందల మిల్లీలీటర్ల డిస్టిల్డు వాటరులో కలపండి. ఒక్క గ్రామును తూచడానికి మన త్రాసులు చాలవు గనక ఈ తిప్పలు. మీది 0.5 రకం మీటరైతే ఈ నీళ్లకు సుమారు వెయ్యి చూపాలి, 0.7 రకమైతే పద్నాలుగు వందలకు దగ్గరగా చూపాలి. రెండింటికీ ఎక్కడా పొంతన లేకపోతే ముందు కొసను కడిగి తుడిచి, బ్యాటరీ మార్చి చూడండి.

ఇక మీటరు చూడలేని సంగతులు. ఒకావిడ బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే డాక్టరుగారు నీళ్లు కాచి ఇమ్మన్నారు. ఆవిడ కాచకముందూ కాచిన తరవాతా మీటరు ముంచి చూసి, "ఏమీ తేడా లేదే, గ్యాసు దండగ" అని కాచడం మానేసింది! క్రిములు కరెంటును మోయవు. మరిగితే అవి చస్తాయి, లవణాలు ఉన్నచోటే ఉంటాయి. మీటరులో 40 చూపే నీళ్లలో కలరా క్రిములుండవచ్చు, 700 చూపే నీళ్లలో ఒక్కటీ లేకపోవచ్చు. ఈ ఒక్క ముక్క మీ ఇరుగుపొరుగు వారికి కూడా చెప్పండి.

క్రిములకు వేరే పరీక్ష ఉంది. గ్వాలియర్‌లోని రక్షణ శాఖ పరిశోధనాలయం నుంచి మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన చవకైన సీసా పరీక్ష అది. చిన్న సీసాలో మందు ముందే ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి వెచ్చని చోట ఉంచితే, మలంతో కలిసిన నీళ్లయినప్పుడు ఒక రోజులోనో రెండు రోజుల్లోనో నల్లబడుతుంది. దీన్ని పాడుచేసేదీ మన చెయ్యే. సీసాను తొలపకూడదు, మందు పోతుంది. మూత లోపల వేలు తగలకూడదు, మన వేలి క్రిములకే నల్లబడుతుంది. కొళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి, అప్పుడు పట్టాలి. చలికాలంలో గచ్చు మీద ఉంచితే నల్లబడవలసింది కూడా నల్లబడదు. ముప్ఫై డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. పోసిన వెంటనే నల్లబడితే అది క్రిముల వల్ల కాదు, కొన్ని బోర్లలో ఉండే గంధకపు వాసన వల్ల. నల్లబడితే కాచకుండా తాగవద్దు. నల్లబడకపోతే అన్నీ బాగున్నట్టేనా అంటే, ఆ ఒక్క పరీక్షకు చిక్కలేదని మాత్రమే అర్థం. పని అయ్యాక బ్లీచింగు పొడి వేసి పారబోయండి, పిల్లలకు అందనివ్వకండి.

ఫ్లోరైడు సంగతి మన తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? నీళ్లలోని ఫ్లోరైడుతో ఎముకలు వంకరపోయే జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో వర్ణించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. తరవాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు పెట్టారు. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటకూడదు. ఇప్పుడు ఆలోచించండి. 600 చూపే నీళ్లలో మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటే మీటరుకు తెలుస్తుందా? సముద్రంలో కాకిరెట్ట. కాస్తే అదీ పోదు.

దీనికి రంగు పరీక్ష ఉంది. మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడు పెరిగే కొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. అట్టమీది రంగులతో పోల్చి చదువుకోవాలి. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ల చొప్పున ఇలాంటి పరీక్షలు నేర్పుతున్నారు. పల్లెల్లో మన అక్కచెల్లెళ్లు చేస్తున్న పనే మనమూ చేయవచ్చు. రంగు చూసేటప్పుడు పసుపుపచ్చ బల్బు కింద కాదు, పగటి వెలుతురులో, ఎండ తగలని చోట, వెనక తెల్లకాగితం పెట్టుకుని చూడండి. చుక్కలు వేసేటప్పుడు సీసాను నిటారుగా పట్టుకోండి, వాల్చితే చుక్క చిన్నదో పెద్దదో అవుతుంది. ఎన్ని నిమిషాలు ఆగమంటే అన్ని నిమిషాలే ఆగండి. అరిసెల పాకం ఒక్క క్షణం ఆలస్యమైతే ముదిరిపోతుందని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు గదా, ఇదీ అంతే. ఒకే నీళ్లను రెండుసార్లు పరీక్షించండి. రెండు రంగులూ కలవకపోతే తప్పు నీళ్లలో లేదు, మన చేతిలోనో మందులోనో ఉంది. కాగితపు పట్టీలు కొనేవారు డబ్బా మూత తెరిచి పొయ్యి పక్కన పెట్టకండి, ఆవిరికి పాడైపోతాయి. తడి చేత్తో ఇంకో పట్టీ తీయకండి. తయారైన తేదీ, గడువు తేదీ చూడకుండా అసలు కొనకండి.

మునిసిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉందా లేదా చూడాలంటే కొళాయి దగ్గరే, పట్టిన వెంటనే చూడాలి. కనీసం 0.2 ఉండాలన్నది ప్రమాణం. బిందెలో మూత లేకుండా ఉంచినా, సంపులో నిలవ ఉన్నా క్లోరిన్ ఎగిరిపోతుంది. సంపు నీళ్లు పరీక్షించి, క్లోరిన్ లేదని నీళ్ల ఆఫీసుకు ఫోను చేస్తే వాళ్లూ ఏం చేయలేరు, ఆ లోపం మన సంపుదే.

ఇంకొకటి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఫిల్టర్లు అమ్మేవాళ్లు ఇంటికి వచ్చి రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మన కొళాయి నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల యంత్రపు నీళ్లు. నాలుగు కడ్డీలున్న పరికరం ముంచి ప్లగ్గు పెడతారు. నిమిషంలో మన నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగి, తెట్టె కట్టి, చూస్తేనే కడుపులో తిప్పుతుంది. వాళ్ల నీళ్లు తేటగా అలాగే ఉంటాయి. "చూడండమ్మా, రోజూ మీ పిల్లలకు ఇదే తాగిస్తున్నారు" అంటారు. తల్లి మనసు గదా, అక్కడే సంతకం పెట్టేస్తాం. ఆ మట్టి మన నీళ్లది కాదు, ఆ ఇనుప కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. వాళ్ల నీళ్లలో లవణాలు లేవు గనక కరెంటు పారలేదు. ఈసారి ఎవరైనా వస్తే కేకలు వేయకండి. నెమ్మదిగా లోపలికి వెళ్లి ఒక చిటికెడు ఉప్పు తెచ్చి, వాళ్ల గ్లాసులో వేసి, మళ్లీ ప్లగ్గు పెట్టమనండి. వాళ్ల నీళ్లూ అదే రంగుకు తిరుగుతాయి. కడ్డీలు మీరు మాత్రం ముట్టుకోకండి, కరెంటుతో పని.

చివరగా, ప్రయోగశాలకు పంపే సంగతి. ఇంటి పరీక్షలో ఏది గీత దాటినట్టు కనపడినా, పెద్ద ఖర్చుకు సిద్ధపడే ముందు ఒకసారి అక్కడ చూపించుకోవాలి. ప్రభుత్వ నీటి పరీక్షాకేంద్రాలు చాలా చోట్ల కొద్ది రుసుముకే మామూలు జనానికీ పరీక్ష చేసిపెడుతున్నాయి. వెళ్లేటప్పుడు ఉత్తగా "నీళ్లు చూడండి" అనకండి. బోరు నీళ్లయితే ఫ్లోరైడు, నైట్రేటు, మొత్తం కఠినత్వం, క్రిములు అని పేర్లు పెట్టి అడగండి. రసాయనాల పరీక్షకు లీటరో రెండు లీటర్లో పట్టే ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టండి. గాజు సీసాలో ఫ్లోరైడు లెక్క చెడుతుంది. పచ్చళ్ల సీసాలూ, షర్బత్ సీసాలూ ఎంత కడిగినా వద్దు. క్రిముల పరీక్షకు మాత్రం వాళ్లిచ్చే శుద్ధిచేసిన సీసానే వాడాలి, దాన్ని తొలపకూడదు. మంచుముక్కల మధ్య పెట్టి ఆరు గంటల్లోపు అందించాలి. అందుకని ఆదివారం మధ్యాహ్నం పట్టి సోమవారం పంపుదామనుకోకండి. ఏ కొళాయి నీళ్లు, ఏ తేదీ, ఎన్ని గంటలకు అన్నది సీసా మీద రాయండి. కాగితం చేతికొచ్చాక ఒక నకలు అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద అంటించండి. టాంకరు నీళ్లు అందరూ తాగుతున్నవే గదా.